ప్లే డే: బొగ్గుబాయి పిల్లల ఆదివారం

'ప్లే డే' అంటే ఏమిటని ఏ కాన్వెంటు పిల్లవాణ్ని అడిగినా ఆటల రోజు అంటాడు. అదే ప్రశ్న గోదావరిఖనిలో అడిగి చూడండి. "డాడీ ఆదివారం గూడ డ్యూటీకి పోవుడు" అని ఠకీమని జవాబొస్తుంది. మాట ఒకటే, అర్థాలు మాత్రం తూర్పూ పడమరాను!

సెలవు రోజున పిల్లల్ని ఎక్కడికి తీసుకువెళ్లాలి అన్న సమస్య మీద పత్రికలన్నీ రాస్తూనే ఉంటాయి. హైదరాబాదైతే చెప్పేదేముంది! జూ పార్కుంది, బిర్లా ప్లానెటోరియముంది, ట్యాంక్‌బండ్ ఉంది. ఏమీ తోచకపోతే మాల్‌లో వాటంతటవే కదిలే మెట్లున్నాయి; నాలుగుసార్లు ఎక్కి దిగితే పిల్లలకు పూట గడిచిపోతుంది. అంచేత ఈ వారం నేను పట్నం వదిలి, రాజీవ్ రహదారి పట్టుకుని, రెండు వందల కిలోమీటర్లు దాటి బొగ్గు గనుల ఊరికి వెళ్లాను. "అక్కడేముందండీ, పొగా దుమ్మూ తప్ప!" అన్నాడు బస్సులో పక్క సీటాయన. ఉందండీ, ఆదివారం ఉంది.

సినిమా పత్రికలో ఈ బొగ్గు గొడవేమిటని అప్పుడే పేజీ తిప్పేయకండి. సినిమా వస్తుంది. మాట్నీ టైముకల్లా వచ్చేస్తుంది.

ముందు ఈ ప్లే డే సంగతి తేల్చుకుందాం. సింగరేణిలో ఆదివారం వారపు సెలవు. మనిషి చేత వారానికి ఆరు రోజులకు మించి గనిలో పనిచేయించరాదని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. అయితే మనిషికి సెలవిచ్చినంత సులువుగా బాయికి సెలవివ్వలేం. (ఇక్కడ గనిని బాయి అంటారు, గనిలోకి వెళ్లడం 'బాయి దిగుడు'. బావిలోకి దిగినట్టే ఉంటుంది కాబట్టి ఇంతకంటే మంచి మాట ఎవరూ పుట్టించలేరు.) పంపులు ఆపితే లోపల నీళ్లూరతాయి. ఫ్యాను ఆపితే గాలాడదు. బొగ్గు మోసే బెల్టుకు, యంత్రాలకు మరమ్మతు చేయాలంటే బొగ్గు రాని రోజే వీలు. కాబట్టి ఆదివారం కొందరు పనిలోకి రాక తప్పదు, ఆ చట్టంలో అందుకు తగ్గ మినహాయింపులూ ఉండేవి. అలా వచ్చినవాళ్లకు కూలి రెట్టింపు. అదీ ప్లే డే డ్యూటీ.

పేరు మాత్రం ఇంగ్లండు గనుల నుంచి ఓడెక్కి వచ్చిందే. అక్కడి బొగ్గు కార్మికులు గని నడవని రోజును 'ప్లే డే' అనేవారు. పని లేని రోజుకు పెట్టిన పేరు ఇక్కడికొచ్చి పని ఉన్న రోజుకు అతుక్కుపోయింది! ఖర్చు తగ్గించాలని కంపెనీవారు ప్లే డేలకు కోత పెట్టినప్పుడల్లా యూనియన్లు గొంతెత్తుతాయి. ఆదివారం పని ఎక్కువైందని కాదు సుమా, ఆదివారం పని లేకుండా చేస్తున్నారని. ఇందులో వింతేం లేదు. ఒక్క రోజుకు రెండు రోజుల కూలి అంటే నెలాఖరున ఒక ట్యూషన్ ఫీజు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్న పిల్లవాడి వైపు నుంచి ఆలోచించండి. వారమంతా బడి. తండ్రికి మొదటి షిఫ్టయితే వీడు లేచేసరికి ఆయన ఉండడు. రెండో షిఫ్టయితే ఆయన వచ్చేసరికి వీడు నిద్రపోతుంటాడు. రాత్రి షిఫ్టయితే పగలు ఆయన పడుకుంటాడు, వీడు గొంతెత్తరాదు. ఇక మిగిలింది ఆదివారం. దాని పేరేమో ప్లే డే!

నేను వెళ్లిన ఆదివారం ఆకాశం మబ్బు పట్టి ఉంది. క్వార్టర్ల మధ్య సందులో పిల్లలు క్రికెట్టాడుతున్నారు. ఆట చప్పుడు లేకుండా సాగుతోంది. అవుటైతే చేతులెత్తి ఊపుతున్నారు తప్ప కేక లేదు. ఇదేం మూకీ సినిమారా అని అడిగితే ఒకడు మూలనున్న ఇంటి వైపు వేలు చూపించి, "అంకుల్ నైట్ షిఫ్ట్ దిగి పన్నడు" అన్నాడు గుసగుసగా. ఆ క్రమశిక్షణ మన హాళ్లలో సెల్‌ఫోను మాట్లాడేవాళ్లకు ఎవరైనా నేర్పితే బాగుండును.

ఈ పిల్లల చిరునామాలే వేరు. ఐదింక్లైను, ఏడింక్లైను, యైటింక్లైన్ కాలనీ. ఇంక్లైనంటే బొగ్గు పొర దగ్గరికి వాలుగా దిగే బాట. ఆ బాట నెంబరే పేటకు పేరైపోయింది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ పట్టాడు. 1920 డిసెంబరు 23న కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరొచ్చింది. ఇక్కడ గోదావరి ఒడ్డున తవ్వకాలు మొదలైంది 1960 ప్రాంతాల్లో. తర్వాత వచ్చింది రామగుండం ఎన్.టి.పి.సి. దానికి 1978 నవంబరు 14న, అంటే సరిగ్గా బాలల దినోత్సవంనాడు, అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. పిల్లల పండగనాడు పునాది పడింది కదా అని పిల్లలకేదో ఒరిగిందనుకునేరు, 2600 మెగావాట్ల కరెంటు ఒరిగింది. ఈ కరెంటుతోనే మన హాళ్లలో తెర వెలిగింది కనుక మనం పేరు పెట్టకూడదు.

ఒక ఇంట్లో గోడ మీద కంపెనీ క్యాలెండరు చూశాను. కొన్ని ఆదివారాల కింద పెన్సిలుతో 'పీ.డీ.' అని రాసి ఉంది. రాసింది ఏడో క్లాసు చదివే అమ్మాయి. పీ.డీ. అంటే ప్లే డే అని చెప్పి, "ఈ నెలల రెండు మనయి, రెండు బాయివి" అని లెక్క అప్పజెప్పింది. ఆ మాటలో ఫిర్యాదేమీ లేదు, పాలవాడి లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకే కాసేపు మాట పెగల్లేదు.

తల్లి టీ తెచ్చి పెట్టింది. "పైసలు చేదా అన్నా? పెద్దదాని ఫీజున్నది, చిన్నోనికి పండ్లకు తీగెలు పెట్టియ్యాలంటున్నరు. ఆయన పోతె డబుల్ అత్తది. పోకుంటె పిల్లలు సంబురపడ్తరు. రెండు గావాల్నంటె ఎట్లయితది?" అంది. అని వూరుకోకుండా, "అయినా ఆయనకు గూడ ఉంటది గదా, పిల్లలను తీస్కపోవాల్నని" అని చేర్చింది.

ఆయన లేడు. ఆ ఆదివారం బాయిది.

సరే, 'మన' ఆదివారం అయితే ఏం చేస్తారు? ఊళ్లో పార్కులున్నాయి, స్టేడియముంది. వాటి గురించి ఎక్కువ చెప్పను. ఉయ్యాల ఏ ఊళ్లోనైనా ఉయ్యాలే. సాయంత్రమైతే గోదావరి ఒడ్డు. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు జనంతో నిండిపోయే ఒడ్డు ఇదే. 2019 తర్వాత సుందిళ్ల బరాజు వెనక నీళ్లు నిలిచి నది నిండు చూలాలిలా ఉండేదట. 2023 అక్టోబరులో మేడిగడ్డ కుంగిన తర్వాత ఆ వరస బరాజుల్లో నీళ్లు నిలపడం మానేశారు. వానాకాలం దాటితే మళ్లీ ఇసుకే. పెద్దలు నిట్టూరుస్తున్నారు గాని పిల్లలకు ఇసుకే ఇష్టం. బొగ్గు ఊరి పిల్లలకు తెల్లటి చోటు అదొక్కటే మరి.

ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టుంది. 62 గేట్లు, 20 టి.ఎం.సి.ల నీళ్లు. వరదొచ్చి గేట్లెత్తారంటే ఊరంతా అక్కడే. మొదటి చుట్టం చూసిన పెళ్లికూతురు కూడా అంతమందిని రప్పించలేదు. కాలిన మక్కకంకుల వాసన, స్కూటర్ల మీద ముగ్గురేసి నలుగురేసి, ఫోటోల కోసం రెయిలింగు మీదికి వంగే కుర్రాళ్లు, వాళ్లను అదిలించే పోలీసులు. ఆ నీళ్లే 2015 నుంచి గొట్టాల్లో హైదరాబాదు దాకా వెళుతున్నాయి. జూబిలీహిల్సులో మన అభిమాన తారలు తాగే గ్లాసులో ఈ గోదావరి ఎంతుందో లెక్క తీస్తే బాగుంటుంది!

ఇంకాస్త తీరిక, ఒక బండి ఉంటే రామగిరి ఖిల్లా. వానలు పడ్డాక కొండంతా పచ్చబడుతుంది. మూలికల కోసం వచ్చే వైద్యులూ, కోట గోడల కోసం వచ్చే కాలేజీ కుర్రకారూ, సర్వపిండి డబ్బాలతో వచ్చే సంసారులూ ఒకే బాటలో ఎక్కుతుంటారు. పెద్దపల్లి దగ్గర సబ్బితంలో గౌరీగుండం జలపాతముంది. అది కూడా వానాకాలపు ముచ్చటే. బండలు పాకుడు పట్టి ఉంటాయి, పిల్లల చెయ్యి మాత్రం వదలకండి. మంథని వైపు శివ్వారం అభయారణ్యంలో మొసళ్లున్నాయి. "ఆదివారం పూట మొసండ్లను సూసుటానికా?" అని ఆ తల్లి నవ్వేసింది. ఆవిడ జాబితాలోంచి అది అక్కడితో ఎగిరిపోయింది.

ఇవన్నీ తండ్రి ఇంట్లో ఉంటేనే. లేకపోతే పిల్లలకు మిగిలేది ఒకటే: సాయంత్రం ఆయన వచ్చి స్నానం చేశాక సినిమా!

ఇదిగో, వచ్చేశాం.

గని ఊళ్లో సినిమా హాలు కథ వేరు. హాలు దగ్గర మిర్చి బండి పెట్టుకున్న పెద్దాయన ఒకాయన ఆ లెక్క నాకు విడమరచి చెప్పాడు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లకు మార్నింగ్ షో. మొదటి షిఫ్టు దిగినవాళ్లకు ఫస్ట్ షో. "సెకండ్ షిఫ్టోడు పాపం, ఆనికి ఏ షో లేదు. ఆడు దిగేసరికి సెకండ్ షోల సగం కథ అయిపోతది" అన్నాడు. 1990ల మొదట్లో సింగరేణి మొత్తం మీద కార్మికులు లక్ష పైచిలుకు. ఇవాళ 40 వేల ప్రాంతం. తట్టాబుట్టా పోయి యంత్రాలొచ్చాయి, కింద గనులు తగ్గి ఓపెన్‌కాస్టులొచ్చాయి. జీతాలు పడ్డ వారం హాలు ముందు లైన్ల గురించి ఆయన చెబుతుంటే వినాలి. అభిమాన సంఘాలవారు కుళ్లుకుంటారు.

అయినా ఆదివారం ఫస్ట్ షోకి హాలు బాగానే నిండింది. మే నెలలో రామగుండంలో ఎండ 46 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఆ నెలలో ఇక్కడ సినిమా బాగుందా లేదా అని ఎవరూ అడగరట, ఏ.సి. పనిచేస్తోందా అని మాత్రమే అడుగుతారట. విమర్శకులమైన మాకు ఎంత చిన్నతనం!

నా ముందు వరసలో ఒక కుటుంబం కూర్చుంది. తండ్రి తల ఇంకా తడిగా ఉంది, అంటే ప్లే డే దిగి వచ్చాడన్నమాట. టైటిల్స్ పడ్డాయి, హీరో వచ్చాడు, ఈలలు మోగాయి, మొదటి పాట అయింది. రెండో పాట మొదలయ్యేసరికి ఆయన తల భార్య భుజం మీదికి వాలిపోయింది. కొడుకు ఫైటొచ్చినప్పుడల్లా "డాడీ, సూడు సూడు" అని తట్టి లేపడం, ఆయన ఉలిక్కిపడి "ఆఁ… మస్తు కొట్టిండు" అనడం, మళ్లీ కళ్లు మూయడం. ఇంటర్వెల్లో గప్‌చుప్ తినిపించి, పిల్లలడిగిన రెండో ఐస్‌క్రీము కూడా కొనిపెట్టాడు. రెట్టింపు కూలిలోంచి ఆ సాయంత్రమే కొంత ఇలా తిరిగొచ్చిందన్నమాట. ఆ సినిమాలో ఏముందని మర్నాడు అడిగితే ఆయన చెప్పలేడు. కొడుకు మాత్రం "నిన్న మా డాడీతోని సిన్మకు పోయినం" అని బళ్లో చెబుతాడు. కలెక్షన్లు ఇలా కూడా వస్తాయి, నిర్మాతలు గమనించగలరు.

ఇక్కడొక విచిత్రముంది. ఈ పిల్లల్లో ఎవరూ తండ్రి పనిచేసే చోటు చూడలేదు. చూడనివ్వరు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు గనిలో పని చేయకూడదనడమే కాదు, తవ్వకం పని జరుగుతున్న చోట భూమి పైభాగంలో కూడా ఉండరాదని ఆ గనుల చట్టమే అంది. మంచి చట్టమే, ఎంతో పాతకాలపు అన్యాయాన్ని ఆపిన చట్టం. భూగర్భ గనుల్లోకి ఆడవాళ్లను పనికి అనుమతించింది కూడా 2019లోనే. అంచేత పొద్దున డబ్బా పట్టుకుపోయిన మనిషి మధ్యాహ్నం ఎలాంటి చోట కూర్చుని అన్నం తింటాడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చుట్టూ గుట్టల్లా పెరిగిన మట్టి కనిపిస్తుంది. ఓపెన్‌కాస్టులో పేల్చినప్పుడు కిటికీ అద్దం గజగజలాడుతుంది. లోపలి సంగతి మాత్రం వినికిడే.

మరి వాళ్లు బాయిని చూసిందెక్కడ? తెర మీద!

2021 జనవరి చివర 'సలార్' యూనిట్టు గోదావరిఖని ఓపెన్‌కాస్టులో దిగింది. ప్రభాస్ వచ్చాడు. అప్పటికింకా కరోనా భయంతో బడులు సరిగా తెరుచుకోలేదు, ఆన్‌లైను క్లాసుల కాలం. ఆ రోజుల్లో ఇక్కడి పిల్లల ఔటింగ్ ఏమిటో చెప్పనక్కర లేదు కదా. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు ఆ ముచ్చట చెప్పాడు. "మా బాపు పన్నెండేండ్ల సంది ఆ గేట్లకెల్లి పోతాండు. మేమెప్పుడు ఆ గేటుకాడికి పోలే. ప్రభాసచ్చిండంటె మా అమ్మనే మమ్ములను తీస్కపోయింది." ఎవరినైనా చూశారా అంటే, దుమ్ము లేపుకుంటూ పోయిన నాలుగు కార్లు చూశారట. ఆ దుమ్ములో ప్రభాస్ ఉన్నాడని వాళ్ల నమ్మకం. అభిమానుల నమ్మకాన్ని ప్రశ్నించడం ఈ శీర్షిక విధానం కాదు.

బొమ్మ 2023 డిసెంబరు 22న విడుదలైంది. ఆ నల్లటి లోయలు, ఆ యంత్రాలు తెర మీద పడ్డప్పుడల్లా హాల్లో "అరే మన ఓసీపీ, మన ఓసీపీ" అని ఒకటే గోలట. వెనక వరసలో కూర్చున్న డంపరు ఆపరేటరు మాత్రం, "యే ఓసీపీ అయినా గట్లనె ఉంటది తీ" అని కొట్టిపారేశాడట. హీరో యంత్రాల మధ్య కొట్లాడుతుంటే "హెల్మెట్టేది? సేఫ్టీ బూట్లేవి? సేఫ్టీ ఆఫీసరు సూత్తె ఇంటికి తోలుతడు" అన్నాడట. ఇలాంటి విమర్శ మా పత్రికల్లో రానేరాదు. అదేరోజు ఆయన కొడుక్కి మొదటిసారి తెలిసింది, వంద టన్నుల డంపరు చక్రం పక్కన నిలబడితే మనిషి ఎంత చిన్నగా ఉంటాడో. ప్రభాస్ అంతటివాడే చిన్నగా కనిపిస్తే వాళ్ల నాన్న సంగతి చెప్పేదేముంది?

అంతకు ముందే, 2023 మార్చి 30న, 'దసరా' వచ్చింది. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల ఈ ప్రాంతం కుర్రాడే. తొలి చిత్రం. కథ జరిగే వీర్లపల్లి ఇక్కడి పేరే, మాట ఇక్కడి మాటే, నడుస్తున్న రైల్లోంచి బొగ్గు దించే నాని ఇక్కడి కుర్రాడిలాగే ఉంటాడు. ఊరు మాత్రం హైదరాబాదు శివార్లలో వేసిన సెట్టు! ఇందులో తప్పు పట్టడానికేం లేదు. 1941లో జాన్ ఫోర్డ్ అనే మహా దర్శకుడు వేల్స్ దేశపు బొగ్గు లోయ మీద 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ' తీస్తే, యుద్ధం మూలాన అక్కడికి వెళ్లలేక ఊరు మొత్తాన్ని కాలిఫోర్నియా కొండల్లో కట్టించాడు. దానికి ఆ యేటి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఆ కథ చెప్పేది కూడా బొగ్గు కార్మికుడి కొడుకే, చిన్నపిల్లాడు. బొగ్గు ఊళ్ల కథలు ఎక్కడ తీసినా చివరకు ఇంట్లో ఎదురుచూసే పిల్లల దగ్గరికే వస్తాయేమో.

'దసరా' చూసిన పెద్దలకు మాత్రం ఒక కంప్లయింటుంది. "మా ఊరంటె తాగుడు, కొట్లాటేనా? మా పిల్లలు చదువుకుంటలేరా? ఆదివారం బట్టలేసుకొని సిన్మకు పోతలేరా? గవి గూడ సూపియ్యాలె గదా." నాకు ఆ బొమ్మ నచ్చింది, దాని ఉడుకు నచ్చింది. అయినా ఈ మాట న్యాయమైనదే. తెర మీద బొగ్గు ఊరికి నలుపు ఒక్కటే రంగు. నేను చూసిన ఆదివారం గోదావరిఖనిలో పిల్లల గౌన్ల మీద ఉన్నన్ని రంగులు ఈస్ట్‌మన్ కలర్లో కూడా పట్టవు.

మిర్చి బండి పెద్దాయనకు ఇవేవీ ఎక్కలేదు. ఆయనకు బొగ్గు సినిమా అంటే 1979లో వచ్చిన హిందీ చిత్రం 'కాలా పత్థర్' ఒక్కటే. అమితాబ్, శశికపూర్, శత్రుఘ్న సిన్హా, ముగ్గురూ ముగ్గురే. ఆ కథకు ఆధారం 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 375 మంది చనిపోయిన ఘోరం. "గది సూసినంక మా ఇంటామె నెల రోజులు నేను డ్యూటీకి పోతాంటె వాకిట్లనే నిలవడేది" అన్నాడు. ఆయన కూడా రిటైరైన గని కార్మికుడేనని అప్పుడు తెలిసింది.

అలాంటి రోజు ఈ ఊరికీ వచ్చింది. 2003 జూన్ 16న ఇక్కడి ఏడు ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లొచ్చి 17 మంది పోయారు. క్యాలెండరు ఇంటి తల్లి అప్పటికి హైస్కూలు పిల్ల. ఆమె తండ్రిదీ బాయి పనే, వేరే గని. "మా బాపు ఇంటికి అచ్చిందాక మేం తినలేదు. అచ్చినంక గూడ తినలేదు" అని ఆగిపోయింది. పక్కనే కూర్చున్న కూతురు పెన్సిలు చెక్కుతూ అంతా వింటోంది. ఇక్కడ పిల్లలకు బాయి గురించి తెలిసేది ఇలా, సగం సినిమాలోంచి, సగం పెద్దవాళ్ల మాటల్లోంచి. మొదటిది మరీ గొప్పగా ఉంటుంది, రెండోది మరీ భయంగా. రోజూ ఎనిమిది గంటలు అక్కడ ఏం జరుగుతుందన్నది, బోల్టు బిగించడం, కేబులు లాగడం, డబ్బా విప్పి నలుగురూ కూర పంచుకోవడం, ఇది మాత్రం ఎవరూ చూపించరు.

చూపించే ఏర్పాటు ఒకటి జరిగింది, పట్నంవాళ్ల కోసం. 2022 డిసెంబరులో ఆర్టీసీవారు, సింగరేణివారు కలిసి 'సింగరేణి దర్శన్' అని హైదరాబాదు నుంచి బస్సు వేశారు. మూసేసిన ఒక భూగర్భ గనిలోకి దించి, ఓపెన్‌కాస్టు చూపించి, జైపూర్ కరెంటు ఫ్యాక్టరీ కూడా చూపించే ఏర్పాటు. మంచి ఆలోచన. పట్నం పిల్లవాడు హెల్మెట్టు పెట్టుకుని బాయి దిగి ఫోటో తీయించుకుంటే, ఆ బాయి పక్క క్వార్టర్లో పుట్టిన పిల్లవాడు అదే ఫోటో ఫోన్లో చూశాడు! డిసెంబరు 23 సింగరేణి దినోత్సవంనాడు స్టాళ్లు పెడతారు, యంత్రాల బొమ్మలు చూపిస్తారు, కుటుంబాలు కుటుంబాలు వస్తాయి. అది బాగానే ఉంటుంది గాని బొమ్మ బొమ్మే.

కంపెనీవారు వింటారనుకుంటే నాదొక్క మాట. మూసిన గని ఎలాగూ ఉంది, రక్షణ ఏర్పాట్లు ఎలాగూ చేశారు, టోపీలు, బూట్లు ఎలాగూ కొన్నారు. నెలకొక ఆదివారం కార్మికుల పిల్లల్నే దించండి. గైడు వద్దు, వాళ్ల నాన్నలే చెబుతారు. "ఇది బెల్టు, ఇది సపోర్టు, ఇగో గిట్ల కొట్టి సూత్తె పైకప్పు చప్పుడు తెలుస్తది" అని. ఆ రోజు నాన్నకు మస్టరు పడాలి. రెట్టింపు కూలి ఇవ్వాలి. దానికి ప్లే డే అని పేరు పెడితే పేరుకు కూడా న్యాయం జరుగుతుంది. 2023-24 లాభాల్లోంచి దసరా ముందు కార్మికులకు 33 శాతం వాటా కింద 796 కోట్లు పంచిన సంస్థకు ఇదేం భారం?

ఈ ఆలోచన ఆ ఇంటాయనకు చెబుదామని సాయంత్రం దాకా ఆగాను. వచ్చాడు. మంచి మాటకారి. నవ్వి, "సంస్థోళ్లు ఒప్పుకుంటరో లేదో గని, మా చిన్నోడైతె ఒప్పుకోడు సార్. లోపలికి పోతె వాని కండ్ల ముంగట నేను హీరో లెక్క ఉండ. బురదల ఉంట" అన్నాడు. చిన్నవాడు వెంటనే, "నేను అత్త!" అన్నాడు.

వచ్చే ఆదివారం క్యాలెండరు మీద ఖాళీగా ఉంది. రామగిరి పోవాలని నలుగురూ తీర్మానించారు. నన్నూ రమ్మన్నారు. ఎవరి బండి మీద ఎవరు, నీళ్ల సీసాలు ఎన్ని, వానొస్తే ఏం చేయాలి అని అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. "శనివారం లిస్టు పడ్డదాక నమ్మద్దు" అని తండ్రి ముందే చెప్పాడు.

శనివారం రాత్రి ఫోన్ చేశాను. అమ్మాయే ఎత్తింది. "లిస్టుల డాడీ పేరచ్చింది అంకుల్. పంపు కరాబైందట. అమ్మ సర్వపిండి చేసింది, మేం ముగ్గురం ఎల్లంపల్లి పోతున్నం. రామగిరి దసరా సెలవులల్ల." వెనకనుంచి చిన్నవాడి గొంతు వినిపించింది: ఎల్లంపల్లిలో గేట్లు ఎత్తారో లేదో అంకుల్‌ను కనుక్కోమంటున్నాడు.